దేశదిమ్మరి వేషం కట్టినా: ఫోన్ వచ్చిన రోజు నుంచి సినిమా విడుదల దాకా

గండికోట చూసేదానికి జనం రావడం ఎక్కువైనప్పటి నుంచి మా జమ్మలమడుగు వైపు చిన్న సినిమావాళ్ల రాకపోకలు కూడా పెరిగినాయి. నాటకాలాడే అలవాటున్న మావంటి వాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ వస్తుంది. నాకూ వచ్చింది. ఒప్పుకున్నా, చేసినా, 2025 నవంబరులో సినిమా విడుదలయింది కూడా. అప్పటి నుంచి అంగట్లోకి వచ్చిన ప్రతి మనిషీ "ఎంతిచ్చినారన్నా?" అని, "హీరోయిన్ పక్కన ఫోటో దిగినావా?" అని అడగడమే గానీ, రేపు తమకే ఫోన్ వస్తే ఏం జరుగుతుందో అడిగినోళ్లు లేరు. అందుకే వరసగా రాస్తున్నా.

నాది ఎరువుల అంగడి. ముప్పై ఏండ్లుగా దుర్యోధనుడి వేషం వేస్తా ఉన్నా. 2024 శివరాత్రి జాగారం నాడు ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లెలో ఆడినాం. ఆ రాత్రి ఒక కుర్రాడు హార్మోనియం పక్కనే చాప మీద కూర్చోని తెల్లవారేదాకా కదలకుండా చూసినాడంట. నాకైతే గుర్తు లేదు. ఆగస్టులో అతనే ఫోన్ చేసి, "అన్నా, సినిమా తీస్తున్నా, మీకు సరిపోయే పాత్ర ఒకటుంది, ప్రొద్దుటూరుకి రాగలరా?" అని అడిగినాడు.

పోయినా. లాడ్జిలో చిన్న గది. మంచం మీద ఇద్దరు, కిటికీ దగ్గర సెల్‌ఫోన్ బిగించిన స్టాండు ఒకటి. నేను మూడు పద్యాలు సిద్ధం చేసుకోని పోయినా. ఒక్కటీ అడగలేదు. పొట్లంలో చెనక్కాయలు పోసిచ్చి, "ఒలుచుకుంటా కిటికీలోంచి చూడండన్నా, మాట్లాడొద్దు" అన్నాడు. ఒలిచినా, తిన్నా. పొట్లం సగం ఖాళీ అయినాక "చాలన్నా, చెప్తాం" అన్నారు. ఆడిషన్ అంటే ఇంతేనా అని బస్సులో కూర్చోని నాకు నేనే నవ్వుకున్నా.

ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడ ఒక విషయం తెలుసుకోండి. సినిమావాళ్లు ఎవరికీ "మీరు వద్దు" అని చెప్పరు. ఊరికే ఉండిపోతారు. వినాయక చవితి పోయింది, దసరా పోయింది, నేను మర్చిపోయినా. దీపావళి దాటినాక మళ్లీ ఫోన్. "అన్నా ఓకే అయింది. ఈ రోజు నుంచి గడ్డం తీయొద్దు, జుట్టు కత్తిరించొద్దు. జనవరిలో షూటింగు."

కథ అప్పుడు చెప్పినాడు. పాడుబడిన నాపరాళ్ల గని ఒకటి. ఇంటర్ చదివే పిల్లోడు, పిల్ల అక్కడ ఎవరికీ తెలియకుండా కలుసుకుంటా ఉంటారు. కలుసుకోవడమంటే ఏముంది, బండల మీద కూర్చోని కబుర్లు చెప్పుకోవడం, ఒకరి నోట్సు ఒకరు రాసిపెట్టుకోవడం. ఒక రోజు ఆ గనిలో ఎక్కడినుంచో వచ్చిన మనిషి మకాం పెట్టి ఉంటాడు. గొంగడి, గోనెసంచి, అంతే. ఎవరో తెలియదు, ఎందుకొచ్చినాడో తెలియదు. ఊళ్లో ఒకరు ఖూనీ చేసి పారిపోయి వచ్చినాడంటారు, ఒకరు పోలీసు మనిషంటారు, ఒకరు పిచ్చోడంటారు. ఆ పిల్లలు ముందు భయపడతారు, తర్వాత వాళ్ల ఉత్తరాలు అతని దగ్గరే దాచుకుంటారు. ఆ మనిషి వేషం నాది.

అగ్రిమెంటు డిసెంబరులో వచ్చింది. 75 వేలు, మూడు వాటాలు: మొదటిది అడ్వాన్సు, రెండోది షూటింగు అయినాక, మూడోది డబ్బింగు అయినాక. పాన్ నంబరు అడిగినారు. ప్రతి వాటాలోనూ పది శాతం పన్ను ముందుగానే, టీడీఎస్ అని, పట్టుకుంటారు, పాన్ ఇవ్వకుంటే ఇరవై పట్టుకుంటారు. మనకు పన్ను కట్టేంత ఆదాయం లేకుంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. నా అంగడి లెక్కలు రాసే ఆడిటరే వేసినాడు, డబ్బు తిరిగొచ్చింది. ఇది తెలియక చేతికి తక్కువొచ్చిందని కంపెనీతో తగాదా పెట్టుకున్న మా నాటకాల మిత్రుడొకడున్నాడు.

ఆ కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. అవసరమైతే నా పాత్రకు వేరేవాళ్ల గొంతు పెట్టుకునే హక్కు నిర్మాతకు ఉంటుందట. ఆ ఒక్క లైను నేను పెన్నుతో కొట్టేసి పక్కన సంతకం పెట్టినా. మేనేజరు "అందరికీ ఉండేదే సార్" అన్నాడు. "అందరి సంగతి నాకెందుకు సామీ, ముప్పై ఏండ్లు ఆ గొంతుతోనే బతికినా" అన్నా. డబ్బు దగ్గర నేను బేరమాడలేదు. గొంతు దగ్గర మాత్రం ఆడినా. దాని విలువ తర్వాత తెలిసింది, అక్కడికి వస్తా.

గడ్డం సంగతి చెప్పాలి. ఎవరూ ముందుగా చెప్పరు గానీ, వేషంలో అన్నిటికన్నా కష్టం అదే. సినిమాలో మనం ఉండేది కొంతసేపు, గడ్డం మాత్రం మనింట్లో నెలల తరబడి ఉంటుంది. నెలరోజులకు దురద. రెండో నెలకు అన్నం తింటే సంగటి మెతుకులు ఇరుక్కునేవి. అంగడికి వచ్చిన రైతులు "ఏమన్నా, ఆరోగ్యం బాగలేదా?" అని మెల్లగా అడిగేవాళ్లు. సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మాయికి సంబంధం వచ్చింది. పెళ్లిచూపులకు మైదుకూరు వైపు నుంచి వస్తామన్నారు. మా ఆమె నా ముందు నిలబడి, "ఆ మొహం పెట్టుకోని వాళ్లకి ఎదురుపోతావా? తీసేయ్" అంది. తీస్తే అగ్రిమెంటు తప్పినట్టు. చివరికి ఆమే దారి చూపింది. వియ్యాలవారి ముందు కాఫీ గ్లాసులు పెడతా, "తిరుపతి కొండకి మొక్కుకున్నారు, పిల్ల పెళ్లి కుదిరితే తలనీలాలు ఇస్తానని" అని చెప్పేసింది. వాళ్లకి తెగ నచ్చింది. సంబంధం కుదిరింది.

షూటింగు 2025 సంక్రాంతి అయిన వారానికి మొదలైంది. మా నల్లరేగళ్లలో బుడ్డశెనగ కోతకొచ్చే రోజులు, పాత బాకీలు వసూలు చేసుకునే కాలం. బామ్మర్దిని అంగట్లో కూర్చోబెట్టినా. అతనికి ఇచ్చింది, నా బండికి పెట్రోలు, అన్నీ నా జేబులోంచే పోయినాయి. ఊరివాళ్లం కాబట్టి గది ఇవ్వరు, బండి పంపరు, బత్తా కూడా మనం అడిగితేనే. బయటి ఊరి నటుడికి ఇచ్చేవన్నీ మనకెందుకు ఇవ్వరో రెండో రోజే అడిగేసినా. పెట్రోలు డబ్బు అప్పటి నుంచి ఇచ్చినారు.

కోటలో తీస్తారేమో అనుకున్నా. గండికోటలో మాధవరాయ గుడి, రంగనాథ గుడి, ధాన్యాగారం, మసీదు అన్నీ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. లోపల సినిమా కెమెరా పెట్టాలంటే వాళ్ల అనుమతి కావాలి, రుసుం కట్టాలి. చిన్న కంపెనీకి అది భారం. అందుకే ఎర్రగుంట్ల వైపు వదిలేసిన నాపరాళ్ల గని ఒకటి, పెన్నలో ఇసుక తిప్ప ఒకటి, ఒక పల్లెలో రెండు వీధులు, ఇంతే మా లొకేషన్లు. కోట ఒకే ఒక్క షాట్‌లో, అదీ దూరాన గీత మాదిరి కనిపిస్తుంది.

మొదటి రోజు పొద్దున ఐదున్నరకంతా రమ్మన్నారు. ఉగ్గాని, బజ్జీ పెట్టినారు. కాస్ట్యూమ్స్ చూసే అమ్మాయి గొంగడి, చొక్కా, పంచె తెచ్చింది. ఆ చొక్కా కొత్తదే. దాన్ని టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి, మోచేతుల దగ్గర ఉప్పుకాగితంతో రుద్ది, అంచులు బ్లేడుతో గీకి పదేండ్లు వాడిన గుడ్డ చేసింది. నా గోళ్ల సందుల్లో బ్రష్షుతో ఏదో మట్టి రంగు పూసింది. చివరి రోజు దాకా ఆ చొక్కాను ఉతకకూడదు. చెమట మరకలు ఎక్కడున్నాయో రోజూ సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకోని, మరుసటి రోజు అవే మరకలు ఉన్నాయో లేదో చూసేది. కంటిన్యుటీ అంట. వారం తిరిగేసరికి ఆ చొక్కా వాసనకు నేనే మొహం తిప్పుకునేవాడిని.

అన్నీ అయినాయి, మేకప్ అయింది, ఆరు గంటలకు సిద్ధం. నా మొదటి షాట్ పదకొండున్నరకు తీసినారు. తొలిరోజు కోపం వచ్చింది. తర్వాత అదే అలవాటైంది. ఎవరైనా నన్ను "నటన కష్టమా?" అని అడిగితే, కుర్చీలో కూర్చోని ఎండలో ఎదురుచూడడమే కష్టమని చెప్తా.

ఆ షాట్‌లో నేను చేయాల్సింది ఇసుక మీద ఆ చివర నుంచి కెమెరా వైపు నడిచి రావడం. అంతే. మాట లేదు. నడిచినా. "కట్. వన్ మోర్." మళ్లీ నడిచినా. మళ్లీ వన్ మోర్. డైరెక్టరు కుర్రాడు దగ్గరకొచ్చి చేతులు కట్టుకోని, "అన్నా, మీరు సభలోకి వస్తున్నారు" అన్నాడు. నిజమే. ముప్పై ఏండ్లు మయసభలోకి నడిచిన కాళ్లవి, ఛాతీ ముందుకొచ్చేస్తుంది, తల దించమంటే దిగదు. మామూలుగా నడవండి అంటే ఇంకా కృత్రిమంగా వస్తుంది. సంచిలో గడ్డి కుక్కి ఇచ్చినారు నాకు, బరువు లేదు. నేనే అన్నా, "దీంట్లోకి ఇసుక పోయించు అబ్బీ." సగం సంచి ఇసుక పోసినారు. భుజం కిందికి గుంజింది, ఒక కాలు కొద్దిగా ఈడ్చుకుంటా వచ్చింది, ఊపిరి కోసం ఒకచోట ఆగాల్సొచ్చింది. ఆగినచోటే ఓకే అన్నాడు. మన తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ గారు వందేండ్ల కిందటే పద్యం సాగదీయడం తగ్గించి భావం పట్టమని పోరినారని మా గురువు చెప్తా ఉండేవాడు. అప్పట్లో చెవికెక్కలేదు. ఇసుక సంచి మోసినాక ఎక్కింది.

గొంతుదీ అదే గతి. నాటకంలో చివరి వరస ముసలామెకు వినపడాలి. ఇక్కడ చొక్కా లోపల గుండెల మీద చిన్న మైకు అతికిస్తారు. నేను మామూలుగా మాట్లాడినా అనుకున్నప్పుడు కూడా సౌండ్ పిల్లోడు హెడ్‌ఫోన్ తీసేసి చెవి రుద్దుకునేవాడు.

కానీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. దుర్యోధనుడంటే ఎవరి కొడుకు, ఎవరికి మిత్రుడు, ఎట్ల చస్తాడు, అంతా తెలుసు. ఈ మనిషి ఎవరు? రెండో రోజు సాయంత్రం డైరెక్టరును అడిగినా. "మీకు ఎవరనిపిస్తే వాళ్లే అన్నా" అన్నాడు. "అట్ల కాదు, రాసినోడివి నీకు తెలిసుంటుంది కదా?" అంటే నవ్వి, "తెలిస్తే మీరు అది ఆడతారు. నాకు అది వద్దు" అని పోయినాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చివరికి నాకు నేనే ఒకటి అనుకున్నా. వీడి తమ్ముడు ఏదో గనిలో బండలు విరిగిపడి పోయినాడు, శవం దొరకలేదు. అప్పటి నుంచి గని కనపడిన ప్రతిచోటా నాలుగు రోజులు ఆగి చూసి పోతుంటాడు. ఎవరికీ చెప్పలేదు ఇది. అప్పటి నుంచి బండల వైపు చూడమంటే దేనికోసం చూడాలో నాకు తెలిసేది.

ఆ ఇద్దరు పిల్లలూ అనంతపురంలో డిగ్రీ చదివేవాళ్లు, ఇద్దరికీ మొదటి సినిమా. డైరెక్టరు వాళ్లను షాట్ బయట ఎక్కువ మాట్లాడుకోనిచ్చేవాడు కాదు. భోజనాలు కూడా వేరువేరుగా పెట్టించేవాడు. ఆ పిల్ల నాయన రోజూ లొకేషన్‌కి వచ్చి గొడుగు కింద పేపరు చదువుకుంటా కూర్చునేవాడు. ఒక సీనులో పిల్లోడు ఆమె నోట్సు తిరిగిచ్చేయాలి, ఆమె అందుకోని పేజీ తిప్పి, లోపల తన పేరు అతని చేతిరాతలో చూసి మూసేయాలి. నేను దూరంగా బండకు ఆనుకోని వేపపుల్ల నములుతా చూడాలి. పొద్దుగూకే వెలుతురు ఒక పావుగంటే ఉంటుంది, దానికోసం మధ్యాహ్నం నుంచి అందరం కాచుకున్నాం. ఆ అమ్మాయి పేజీ మూసినప్పుడు చేయి వణికింది. అది నటనో, నిజంగా బెదురో నాకు తెలియలేదు. నాయన పేపరు పక్కన పెట్టి చూస్తా ఉన్నాడు. కట్ చెప్పినాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, లైటు పోతోందని పక్క షాట్‌కి ఉరికినారు. సినిమా మొత్తంలో నాకు నచ్చిన ముక్క అదే, దాంట్లో నేను కెమెరాకు మసగ్గా ఉన్నా.

వేపపుల్ల ఎందుకంటే, రాసుకున్నప్పుడు బీడీ ఉండేది. బీడీ తాగితే తెర కింద ఆరోగ్య హెచ్చరిక వేయాలి, సినిమా మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ముప్పై సెకన్ల ప్రకటన వేయాలి. "ఇంత కష్టపడి తీసిన ఫ్రేము కింద ఆ అక్షరాలు నాకొద్దు" అని డైరెక్టరు బీడీ తీసేసినాడు. కుక్క కూడా ఉండేదంట నా వెంట. జంతువు కనిపించాలంటే షూటింగుకు ముందే కేంద్ర జంతు సంక్షేమ మండలికి అర్జీ పెట్టాలి, ఆ కాగితం లేకుంటే సెన్సారు దగ్గర ఆగిపోతుంది. అదీ తీసేసినారు. అయినా ఒక రోజు పెన్న తిప్పలో నేను నడుస్తుంటే ఊరకుక్క ఒకటి ఎక్కడినుంచో వచ్చి నా నీడలోనే పక్కన నడిచింది, నేను ఆగితే ఆగింది. మానిటర్ దగ్గర అందరూ ఊపిరి బిగబట్టినారు. అంత బాగా వచ్చిన టేకు ఇంకోటి లేదు. పనికిరాదన్నారు. కుక్కను బిస్కెట్లు వేసి పక్కకు తీసుకుపోయి మళ్లీ తీసినారు.

ఆ పిల్ల తమ్ముడి వేషం వేసింది పదేండ్ల పిల్లోడు. మీ ఇంట్లో పిల్లోన్ని సినిమాకు అడిగితే ఇది గమనించండి. పద్నాలుగేండ్ల లోపు పిల్లలకు కలెక్టరు అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వచ్చే డబ్బులో కనీసం ఇరవై శాతం పిల్లోడి పేరు మీద బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేయాలి. ఆ తల్లి గట్టిది. రసీదు చూపిస్తే గానీ రెండో షెడ్యూలుకి పంపనని కూర్చుంది. వాడి గంటలు అయిపోతాయని మా సీన్లన్నీ వెనక్కి జరిపేవాళ్లు. నా ఎదురుచూపుల్లో సగం ఆ బుడ్డోడి పుణ్యమే. వాడు మాత్రం పలకరించినప్పుడల్లా "తాతా, నువ్వు నిజంగా ఎవరు?" అని అడిగేవాడు.

ఒక మధ్యాహ్నం బ్రేకులో వేషం తీయకుండానే రోడ్డు మీది టీకొట్టుకు పోయినా. అక్కడ నేను ఎన్నోసార్లు తాగినా. కొట్టాయన నా వైపు చూడకుండానే "డబ్బులుండాయా?" అన్నాడు. నోటు చూపించినాక కాగితం కప్పులో పోసి బల్ల చివర పెట్టి, వేలితో నా వైపు నెట్టినాడు. పక్కనోళ్లకు గాజు గ్లాసులు. నేనెవరో చెబుదామని నోరు తెరిచి, ఆగిపోయినా. కప్పు తీసుకోని ఎండలోకి వచ్చి నిలబడి తాగినా. రెండు చేతులతో పట్టుకున్నా దాన్ని, ఎందుకో. మరుసటి రోజు ఒక సీనులో ఆ పిల్ల నాకు మజ్జిగ ఇచ్చినప్పుడు అట్లనే పట్టుకున్నా. డైరెక్టరు ఏమీ అనలేదు గానీ చేతుల మీదికి ఇంకో షాట్ తీసుకున్నాడు.

ఫిబ్రవరి మూడో వారానికి నా పని అయింది. రెండో వాటా "రెండు మూడు రోజుల్లో" అన్నారు, మార్చి ఆఖరుకు వచ్చింది. సినిమాలో రెండు మూడు రోజులంటే నెల అనుకోండి, మనసు కుదురుగా ఉంటుంది. గడ్డం తీయొచ్చా అని మెసేజ్ పెట్టినా, తీయొచ్చని జవాబు రాసినారు. ఆ జవాబు దాచిపెట్టుకున్నా. అయితే మంగలి దగ్గరికి పోనీయలేదు మా ఆమె. "వియ్యాలవారికి మొక్కని చెప్పినాం, దేవుని పేరు చెప్పి అబద్ధమాడితే పిల్లకు మంచిది కాదు" అని పట్టుబట్టి తిరుమలకు తీసుకుపోయింది. కల్యాణకట్టలో గడ్డం, జుట్టు అన్నీ పోయినాయి.

కొండ దిగిన వారానికి ఫోన్. "అన్నా, ప్యాచ్ వర్క్ ఉంది, చివర్లో మీరు వెళ్లిపోయే షాట్ ఒకటి మళ్లీ తీయాలి." గుండు మీద చేయి పెట్టుకోని చెప్పినా సంగతి. వాళ్ల మెసేజ్ వాళ్లకే పంపినా. అటు పక్క కాసేపు నిశ్శబ్దం. తర్వాత "సరే అన్నా, వెనక నుంచే కదా, చూసుకుంటాం" అన్నారు. లైట్లు మోసే పిల్లోడికి విగ్గు పెట్టి, నా గొంగడి కప్పి, నా సంచి ఇచ్చి వాన్ని నడిపించినారు.

డబ్బింగు జూన్‌లో, హైదరాబాదు కృష్ణానగర్‌లో. రాత్రి బస్సుకు పోయి పొద్దున దిగినా. బస్సు చార్జీలు ఇచ్చినారు, గది మాత్రం నలుగురికి ఒకటి. చీకటి గది, గాజు అవతల ఇంజినీరు, ఎదురుగా తెరపై నా మొహం. షూటింగులో ఇసుకలో నిలబడి రొప్పుకుంటా చెప్పిన మాటను ఏసీ గదిలో నిలబడి పెదాలకు సరిపోయేటట్టు చెప్పాలి. మాట సరిపోతుంది, ఊపిరి సరిపోదు. చివరికి ఒక మూల పదిసార్లు గుంజిళ్లు తీసి వచ్చి చెప్పినా. పని చేసింది.

పక్క గదిలో తలుపు కొద్దిగా తెరిచి ఉంటే తొంగి చూసినా. నడి వయసు మనిషి నిక్కరు వేసుకోని, తెరమీద నా కాళ్లనే చూస్తా, నేల మీద చెక్కపెట్టెలో పోసిన ఇసుకలో తెగిన చెప్పులతో నిలబడిన చోటే అడుగులేస్తా ఉన్నాడు. నా ఎడమకాలు ఈడ్చినప్పుడల్లా ఆయనా ఈడ్చుతున్నాడు. సినిమాలో నా అడుగుల చప్పుడంతా ఆయనదే. టీ తాగేటప్పుడు "బాగా బరువు మోసినారు సార్ మీరు, నా మోకాలు పోయింది" అన్నాడు.

ఆ సాయంత్రమే అసలు గొడవ. చివరి షాట్ వచ్చింది. లైట్ల పిల్లోడి వీపు తెర మీద పోతా ఉంది. డైరెక్టరు ఒక కాగితం ఇచ్చి, "ఇక్కడ ఒక మాట పెడుతున్నామన్నా" అన్నాడు. వెనక నుంచి తీసిన షాట్‌లో పెదాలు కనపడవు కాబట్టి ఏ మాటైనా పెట్టొచ్చంట. కాగితం మీద ఇట్లుంది: "మీ అమ్మకి చెప్పు పాపా, బాకీ తీరిందని."

ఒక్క మాటతో ఆ మనిషి ఎవరో తేలిపోయింది. ఆ పిల్ల తల్లికి ఒకప్పటి మనిషి. మరి గనుల్లో తమ్ముణ్ని వెతుక్కునే నా మనిషి ఏమైనాడు? మొదటిసారి అప్పుడు చెప్పినా నేను అనుకున్న కథ. అతను చాలాసేపు విని, "అన్నా, అది మీ మొహంలో ఉంది, నేను తీసేయలేదు. ఈ మాట లేకుంటే జనానికి అందదని కొనేవాళ్లు అంటున్నారు" అన్నాడు. అంటే అతనికీ ఇష్టం లేదని అర్థమైంది. ఇష్టం లేని మాటను నా గొంతుతో చెప్పించుకుంటున్నాడు. కాదంటే ఏమయ్యేది? అగ్రిమెంటులో ఆ లైను కొట్టేసింది నేనే, వేరే గొంతు పెట్టలేరు. కాసేపు బయటికి పోయి వచ్చినా. చెప్పినా. గట్టిగా ఒకసారి, మెల్లగా ఒకసారి, చివరికి "బాకీ" అనే మాట దగ్గర తమ్ముణ్ని తలుచుకోని సగం మింగి చెప్పినా. ఆ మింగినదే పెట్టుకున్నారు. నాకు ఇప్పటికీ ఆ మాట అనవసరమనే అనిపిస్తుంది. సినిమాలో జనం ఎక్కువ మాట్లాడుకున్న షాట్ అదే. వీపు లైట్ల పిల్లోడిది, అడుగులు నిక్కరాయనవి, గొంతు నాది.

సెన్సారు ఆగస్టులో అయింది, యుఎ 13+ ఇచ్చినారు. ఏండ్ల లెక్కన యుఎను మూడు రకాలు చేసిన కొత్త పద్ధతి అది. తర్వాత థియేటర్లు దొరక్క నెలలు గడిచినాయి. పెద్ద సినిమా వస్తే మాది జరుగుతుంది, ఇంకో పెద్ద సినిమా వస్తే ఇంకా జరుగుతుంది. నవంబరులో ఒక శుక్రవారం పడింది. జమ్మలమడుగులో పడలేదు. ప్రొద్దుటూరులో ఒక థియేటర్లో మధ్యాహ్నం ఆట మాత్రం. ఇంటిల్లిపాదీ, వియ్యాలవారూ పోయినాం. నేను తెర మీద ఉన్నది నాకు గుర్తున్నదాంట్లో సగం. టీకొట్టు దగ్గర నేర్చుకున్న ఆ చేతుల షాట్ ఉంది. పేజీ మూసే సీను పూర్తిగా ఉంది. నాకు మాటలున్న పెద్ద సీను ఒకటి ఎగిరిపోయింది, ఎవరూ ముందు చెప్పలేదు. మీరు చేసినదంతా తెర మీదికి వస్తుందని ఇంట్లో మాత్రం ముందుగా చెప్పుకోకండి.

ఆఖరి మాట వినపడినాక వెనక వరసలో కుర్రాళ్లు తగువు పడినారు. "ఆ పిల్ల నాయనే లేరా వాడు" అని ఒకడు, "కాదురా, అప్పులోడు, బాకీ అన్నాడు చూడు" అని ఇంకొకడు. మా వియ్యపరాలు మాత్రం, "ఆయప్ప ఎవర్నో పోగొట్టుకోని వెతుకుతా ఉన్నట్టుంది కదా అన్నా?" అని నన్నే అడిగింది. నేను డైరెక్టరుకు ఫోన్ చేసి ఆ మాట చెప్పినా. అతను ఏమీ అనలేదు, కొంచెం సేపయినాక "థ్యాంక్స్ అన్నా" అన్నాడు.

రెండో వారం లేదు, తీసేసినారు. ఓటీటీకి ఇచ్చినారు, జనం చూసినదాన్ని బట్టి కంపెనీకి డబ్బు వస్తుందంట. డబ్బింగు అయినాక రావాల్సిన నా మూడో వాటాలో సగం వచ్చింది. మిగతాది "రెండు మూడు రోజుల్లో". వారానికి ఒకసారి మర్యాదగా మెసేజ్ పెడుతున్నా, అగ్రిమెంటు ఫోటో జత చేసి.

పోయిన వారం వేరే కంపెనీ ఫోన్ చేసింది. సన్యాసి వేషమంట. "గడ్డం ఉందా సార్ ఇప్పుడు?" అని అడిగినారు. లేదు, పెంచుతా, ముందు అగ్రిమెంటు పంపండి అన్నా. పెట్రోలు, బత్తా, గొంతు, ఈ మూడూ కాగితం మీద ఉండాలని కూడా చెప్పినా. పిల్ల పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాం, అది అయ్యేదాకా గడ్డం జోలికి పోనని మా ఆమెకు మాటిచ్చినా.